ఏ గదిదాకా రానివ్వాలి?

నలుగురు ఆడపిల్లలున్న ఇల్లు. తల్లీ తండ్రీ పోయారు. పెద్దమ్మాయికీ రెండో అమ్మాయికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఇద్దరి భర్తలూ ఇల్లరికం వచ్చినవాళ్ళే. మూడో అమ్మాయికి ముప్ఫయ్యో ఏడు వచ్చినా సంబంధం కుదరడం లేదు. నాలుగో అమ్మాయి ఎవర్నో ప్రేమించి కూర్చుంది. అక్కకి కాకుండా చెల్లెలికి చేస్తే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని అదీ ఆగిపోయింది. ఒకప్పుడు ఊళ్ళో ఆ ఇంటిపేరు చెబితే లేచి నిలబడేవారు. ఇప్పుడు పేరు మిగిలింది, డబ్బు తరిగింది. వచ్చిన సంబంధమల్లా ఆ పేరుకి తగడం లేదు. తగిన సంబంధం వీళ్ళ గుమ్మం తొక్కడం లేదు.

ఇదేదో తెనాలి కథో రాజమండ్రి కథో అనుకోకండి. జపానులోని ఒసాకా నగరపు కథ. రాసినాయన జునిచిరో తానిజాకి. నవల పేరు ‘ససమెయుకి’. సన్నగా కురిసే మంచు అని అర్థం. మూడో అమ్మాయి యుకికో పేరులోనూ ఆ మంచే ఉంది. 1957లో ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చి ‘మకియోకా సిస్టర్స్’ అని పేరు పెట్టాడు. అయిదు వందల పేజీలు దాటిన ఈ పుస్తకంలో హత్యలు లేవు, కుట్రలు లేవు. ఉన్నదంతా పెళ్ళిచూపులూ, జబ్బులూ, ఉత్తరాలూ, భోజనాలూ. అయినా పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా పుస్తకం కిందపెట్టబుద్ధి కాదు.

పాత ఆచారం, పడమటి నాగరికత అనే మాటలొచ్చినప్పుడల్లా సభల్లో పెద్దలు చెప్పే జవాబు ఒకటుంది. మంచిని తీసుకోవాలి, చెడుని వదిలెయ్యాలిట. వినడానికి ఎంత బావుంటుందో! ఏది మంచో తేల్చేదెవరు? ఆ తేల్చడంలో నలిగేదెవరు? ఇవి మాత్రం ఎవరూ చెప్పరు. తానిజాకి ఉపన్యాసమివ్వకుండా ఒక ఇంటి తలుపు తీసి, అయిదేళ్ళపాటు, అంటే 1936 చివరినించి 1941 ఏప్రిల్ దాకా, లోపల జరిగేదంతా మనకి చూపిస్తాడు. జవాబు ఆ ఇంట్లోనే వెతుక్కోవాలి.

ఈ పని చెయ్యడానికి ఆయన తగినవాడే. 1886లో టోక్యోలో పుట్టాడు. వయసులో ఉండగా పడమటి మోజు బాగా తలకెక్కిన మనిషి. కొన్నాళ్ళు యోకొహామాలో తెల్లవాళ్ళ మధ్య కాపరం పెట్టాడు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన పెద్ద భూకంపం టోక్యోనీ యోకొహామానీ నేలమట్టం చేస్తే, ప్రాణాలు దక్కించుకుని ఒసాకా, కోబె వైపు వచ్చేశాడు. మర్నాటి సంవత్సరమే ‘నవోమి’ అనే నవల మొదలుపెట్టాడు. అందులో ఒక ఉద్యోగి, కాఫీ హోటల్లో పనిచేసే పదిహేనేళ్ళ పిల్లలో హాలీవుడ్ తార మేరీ పిక్‌ఫర్డ్ పోలికలు చూసి మురిసిపోయి, దొరసానిలా తయారుచేద్దామని ఇంటికి తెచ్చుకుంటాడు. చివరికి ఆ పిల్లకే బానిసైపోతాడు. ఒసాకాలో ఉండగా ఉండగా తానిజాకి మనసు పాత జపాను వైపు తిరిగింది. వెయ్యేళ్ళనాటి ‘గెంజి కథ’ని వాడుక భాషలోకి తిరగరాశాడు. భార్య మత్సుకోనీ ఆవిడ అక్కచెల్లెళ్ళనీ మనసులో పెట్టుకుని ఈ నవల రాశాడు. రెండో అమ్మాయి సచికోలో మత్సుకోయే కనిపిస్తుంది. మోజూ విరక్తీ రెండూ తెలిసిన మనిషి కాబట్టే ఆయన తీర్పు చెప్పడానికి తొందరపడడు.

నవల అచ్చయిన కథ కూడా కథే. 1943లో ‘చువో కోరోన్’ అనే పత్రికలో సీరియల్‌గా మొదలైంది. దేశం యుద్ధంలో ఉంటే ఈ ఆడవాళ్ళ చీరా సింగారం గోల ఏమిటని సైన్యంవాళ్ళు కన్నెర్ర చేస్తే రెండు భాగాలతోనే ఆగిపోయింది. 1944లో మొదటి సంపుటాన్ని తనే సొంతంగా అచ్చువేయించి స్నేహితులకి పంచాడు. దానికీ అడ్డు చెప్పారు. మొత్తం పుస్తకం బయటికి రావడం యుద్ధం అయ్యాక, 1946 నించి 1948 లోపు జరిగింది. పెళ్ళిచూపుల నవలంటే తుపాకులవాళ్ళకి అంత ఉలుకెందుకు? ‘ఇవాళ ఏ పట్టుబట్ట కట్టుకోవాలి?’ అని ఒక ఆడది శ్రద్ధగా ఆలోచిస్తోందంటే, యుద్ధం కన్న ముఖ్యమైనవి లోకంలో ఇంకా ఉన్నాయన్నమాట. అంతకంటే ధిక్కారం ఏముంటుంది?

ఇక కథలోకి వద్దాం. మకియోకాలు ఒసాకాలోని సెంబాలో, పేరుమోసిన వర్తకుల పేటలో, వ్యాపారం చేసి బతికినవాళ్ళు. తండ్రి దర్జాగా ఖర్చుపెట్టి పోయాడు. పెద్దల్లుడు తత్సువో బ్యాంకు గుమాస్తా స్వభావం మనిషి. కొట్టు నడపడం నావల్ల కాదని దాన్ని వేరేవాళ్ళ చేతికి వదిలేశాడు. పెద్దక్క త్సురుకో ఆరుగురు పిల్లల్తో సతమతమవుతూ ఉంటుంది. కొన్నాళ్ళకి భర్తకి బదిలీ అయి టోక్యో వెళ్ళిపోతుంది. రెండో అక్క సచికో భర్త తెయినొసుకె, కూతురు ఎత్సుకోలతో కోబె దగ్గర ఆషియాలో ఉంటుంది. పెళ్ళికాని చెల్లెళ్ళిద్దరూ పద్ధతి ప్రకారం పెద్దక్క ఇంట్లో ఉండాలి. కాని వాళ్ళ మనసు సచికో దగ్గరే. అందుకని ఇద్దరూ ఇక్కడే.

నాలుగోది తాయెకో. ఇరవై ఏళ్ళన్నా నిండకుండానే ఒకుబాతకె అనే నగల వర్తకుడి కొడుకుతో వెళ్ళిపోయింది. అక్కకి పెళ్ళి కాకుండా తమకి చెయ్యరని వాళ్ళ భయం. పెద్దవాళ్ళు వెనక్కి తెచ్చారు. కాని ఒక చిన్న పత్రిక ఆ వార్త వేస్తూ తాయెకో పేరుకి బదులు యుకికో పేరు వేసింది! తత్సువో మండిపడి దిద్దుబాటు వెయ్యమన్నాడు. పత్రికవాళ్ళు పొరపాటు అని ఊరుకోకుండా, లేచిపోయింది ఫలానా చెల్లెలు అని మళ్ళీ వేశారు. ఏ తప్పూ చెయ్యనిదాని పేరు ఒకసారి, చేసినదాని పేరు ఒకసారి, వెరసి ఇద్దరి పేర్లూ బజార్న పడ్డాయి. పెద్దరికంతో చేసిన పని పిల్లల మెడకి ఎలా చుట్టుకుంటుందో చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

అప్పట్నించి యుకికో పెళ్ళిచూపులు. బ్యూటీ పార్లరు నడిపే ఇతాని అనే ఆవిడ పెళ్ళిళ్ళ పేరయ్య పాత్ర కూడా నిర్వహిస్తుంది. ఒక పెళ్ళికొడుకు తల్లికి మతిస్థిమితం లేదని తేలి మకియోకాలే వద్దన్నారు. ఇంకొకాయన రెండో పెళ్ళివాడు. పిల్లని తన ఇంటికి తీసుకెళ్ళి, పూజామందిరంలో పోయిన భార్యాబిడ్డల ఫొటోలు చూపించాడు. పెళ్ళిచూపులకొచ్చిన పిల్లకి చూపించవలసినవా అవి? యుకికో తల అడ్డంగా ఊపింది. తర్వాత నగోయా నించి ఒక ధనవంతుడు. ఈసారి వద్దన్నది మగపెళ్ళివారు! ఇన్నాళ్ళూ మేము కాదనేవాళ్ళమే గాని మమ్మల్ని కాదనేవాళ్ళుంటారా అనుకున్న ఇంటికి అదే మొదటి దెబ్బ. ఆ కొద్ది పేజీల్లో సచికో ముఖం ఎలా వాడిపోతుందో చదివితీరాలి. ఆడపిల్లల్ని కన్న ప్రతి ఇంటికీ తెలిసిన వాడుదల అది.

ఇటూ అటూ వాకబులు సరేసరి. వాకబు చేసిపెట్టడానికే డబ్బు తీసుకునే సంస్థలున్నాయి. యుకికో గొర్రె సంవత్సరంలో పుట్టింది. ఆ సంవత్సరపు ఆడపిల్ల అచ్చిరాదని టోక్యోవాళ్ళ నమ్మకం. ఒసాకాలో ఆ పట్టింపు లేదు. ఊరు మారితే పిల్ల జాతకం మారిపోయిందన్నమాట! మూల నక్షత్రమనీ ఆశ్లేష అనీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టిన మనకి ఇది కొత్తగా ఉండదు. పైగా యుకికో కంటిపైన అప్పుడప్పుడూ ఒక చిన్న మచ్చ కనిపించి మాయమవుతూ ఉంటుంది. పెళ్ళయితే పోతుందని ఒక ఆడవాళ్ళ పత్రికలో రాశారు. డాక్టరు ఇంజక్షన్లన్నా తీసుకోండి, పెళ్ళన్నా చెయ్యండి అన్నాడు. చూశారా, నమ్మకం చెప్పేదీ సైన్సు చెప్పేదీ చివరికి ఒక్క చోటికే చేరాయి. పిల్లకి పెళ్ళి చెయ్యండి!

ఇలా చెబితే అదేదో పూర్వాచార పరాయణుల ఇల్లనుకుంటారు. కానే కాదు. నవల మొదట్లోనే అక్కచెల్లెళ్ళు కచేరీకి తయారవుతూ ఒకరికొకరు బి విటమిను ఇంజక్షన్లు పొడుచుకుంటారు. ఒంట్లో కాస్త నలతగా ఉంటే చాలు, సూది కాచి సిద్ధం చేసుకుంటారు. ఆ వెళ్ళే కచేరీ పియానో కచేరీ. కట్టుకునేది మాత్రం కిమోనో. నడుముకి చుట్టే పట్టుపట్టీ ఊపిరి తీసినప్పుడల్లా కీచుమని చప్పుడు చేస్తోందని, పియానో వింటూంటే అది వినబడితే పరువు పోతుందని, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి కట్టుకుని చూస్తారు. పడమటి సంగీతం వినడానికి తూర్పు బట్ట ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది! తానిజాకి దీనిమీద వ్యాఖ్యానం ఒక్క ముక్క రాయడు. అక్కచెల్లెళ్ళు నవ్వుకుంటారు, మనమూ నవ్వుకుంటాం. ఈ నవలలో తూర్పూ పడమరా కలుసుకోవడం ఇలాగే ఉంటుంది.

గోడ అవతల ఇంట్లో స్టోల్జ్ అనే జర్మను కుటుంబం. వాళ్ళ పిల్ల రోజ్‌మేరీ, సచికో కూతురు ఎత్సుకో ప్రాణస్నేహితులు. ఒకరోజు రోజ్‌మేరీ బొమ్మకి పురుడు పోసే ఆట ఆడుతుంటే సచికో చాటునించి విని నవ్వాపుకోలేకపోతుంది. తెల్లవాళ్ళు పిల్లలకి కొంగ తెచ్చి పడేసిందని చెబుతారని ఈవిడ విన్నది. ఎక్కడి కొంగ! ఇంకోవైపు రష్యా విప్లవంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన కిరిలెంకోలు. అంటే ఈ ఇంటివాళ్ళకి పాశ్చాత్యమంటే సినిమాలో కనిపించే వైభవం కాదు, ఇరుగూ పొరుగూ. ఆ పొరుగువాళ్ళకీ వాళ్ళ చింతలు వాళ్ళకున్నాయి. ఒకరు వ్యాపారం దెబ్బతిని హాంబర్గు తిరిగి వెళ్ళిపోతారు, ఇంకొకరికి వెళ్ళడానికి దేశమే లేదు.

మందుల పెట్టెలోకి పడమర వచ్చేసింది. భోజనాల బల్లమీదికి వచ్చేసింది. పిల్లల ఆటల్లోకి, సంగీతంలోకి, సినిమాల్లోకి వచ్చేసింది. వీటికి మకియోకాల అభ్యంతరమేమీ లేదు. ముందుగదిలోకి రావచ్చు, వంటింట్లోకి రావచ్చు. పెళ్ళి మాటలు జరిగే గది గుమ్మం దగ్గర మాత్రం ‘ఆగు’ అంటారు. రానివ్వాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు, ఏ గదిదాకా అన్నదే ప్రశ్న. ఒసాకాలోనే కాదు, రిఫ్రిజిరేటరూ టీవీ కొనుక్కుని, కూతురికి కంప్యూటరు చదువు చెప్పించి, సంబంధం దగ్గరకొచ్చేసరికి తాతగారి భాష మాట్లాడే ఇళ్ళన్నిటిలోనూ ఇదే ప్రశ్న.

ఈ నవల మీద మాట్లాడేవాళ్ళు మామూలుగా చెప్పేదొకటుంది. యుకికో అంటే పాత జపాను, తాయెకో అంటే కొత్త జపాను. ఒకరు ఎప్పుడూ కిమోనో, ఒకరు ఎక్కువగా గౌను. ఒకరు నోరెత్తరు, ఒకరు నోరు మూయరు. కడకి అణకువకి పెళ్ళి బహుమానం, స్వేచ్ఛకి కష్టాలు శిక్ష. ఇంతే కథ అంటారు. ఈ లెక్క నాకు ఒప్పుదల కాలేదు. పుస్తకం దీన్ని ఒప్పుకోదు.

కిమోనో కట్టిన యుకికో ఫ్రెంచి పాఠాలకి వెళ్ళింది. గౌను వేసుకునే తాయెకో ఒసాకా సంప్రదాయపు పాత నాట్యాన్ని పట్టుదలగా అభ్యాసం చేస్తుంది. ఆషియా ఇంట్లో ‘మంచు’ అనే పేరున్న పాతకాలపు నృత్యం చేసి పెద్దల్ని మెప్పించింది యుకికో కాదు, లేచిపోయి వచ్చిన ఆ తాయెకోయే. ఇద్దరి గుమ్మాల్లోనూ రెండు గాలులూ వీస్తున్నాయి. బట్టనిబట్టి మనిషిని అంచనా వేసేవాళ్ళని తానిజాకి ఇలా మెత్తగా మందలిస్తాడు.

ఇంకా లోపలికి చూడండి. నోరెత్తని యుకికో అయిదేళ్ళలో ఎన్ని సంబంధాలు తిరగ్గొట్టింది! బావగారు చెప్పినా, అక్క బతిమాలినా, తలవంచుకునే కాదంటుంది. హషిదెరా అని మంచి మనిషి, మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగి. అందరికీ నచ్చాడు. ఒకరోజు సచికో ఇంట్లో లేనప్పుడు ఫోను చేసి, అలా బయటికెళ్ళి వద్దాం రమ్మని యుకికోని అడిగాడు. ఈవిడ ఫోను దగ్గరకి రావడానికే తటపటాయించి, వచ్చి నసిగి, రాలేనంది. ఆయనకి కోపం వచ్చింది, సంబంధం తప్పిపోయింది. ఇది సిగ్గా, మొండితనమా? రెండూ కావచ్చు. కాదనడానికి వేరే భాష దొరకని ఆడపిల్లకి సిగ్గే ఆయుధం. పాత మర్యాద యుకికోకి ఆ ఒక్క హక్కూ ఇచ్చింది. ఔననే హక్కు మాత్రం ఇవ్వలేదు. తనంతట తాను ఒక మనిషిని చూసి ఇష్టపడే దారి ఆమెకి తెలియదు. మనవాళ్ళు మౌనం అర్ధాంగీకారం అంటారు. యుకికో మౌనంలో అంగీకారం పావు వంతు కూడా లేదు!

స్వేచ్ఛగల తాయెకో సంగతో? ఆమె చేసిన బొమ్మలు దుకాణాల్లో అమ్ముడుపోతాయి. సొంతంగా గదీ, శిష్యులూ ఉన్నారు. కుట్టుపని నేర్చుకుని ఫ్రాన్సు వెళ్ళి చదవాలనుకుంటుంది. బావగారు ససేమిరా అన్నారు. మకియోకాల ఆడపిల్ల పొట్టకూటికి కుట్టుపని చెయ్యడమా అని. బొమ్మలు చేస్తే కళట, బట్టలు కుడితే కూలిట! సంపాదించుకునే దారి మూసేశాక, తాయెకో ఏళ్ళ తరబడి ఒకుబాతకె ఇచ్చిన డబ్బూ నగలూ తీసుకుంటూ వచ్చిందని ఆలస్యంగా బయటపడుతుంది. సచికో తల కొట్టేసినట్టయింది. కాని ఆ పరాధీనత తాయెకో స్వేచ్ఛవల్ల వచ్చిందా, సగం స్వేచ్ఛవల్ల వచ్చిందా? గడప దాటనిచ్చి దారిఖర్చు ఇవ్వకపోతే, ఆడపిల్ల ఎవరి జేబు వైపో చూడవలసి వస్తుంది. నవల మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇదే.

1938 జూలైలో కోబె ప్రాంతాన్ని ముంచెత్తిన వరదలు నిజంగా జరిగినవి. తాయెకో కుట్టు స్కూల్లో చిక్కుకుపోతుంది. ఇతకురా అనే ఫొటోగ్రాఫరు నీళ్ళలో దూకి ఆమెని కాపాడాడు. ప్రేమికుడు ఒకుబాతకె కూడా వచ్చాడు. పనామా టోపీ పెట్టుకుని, పంట్లాం ఇస్త్రీ మడత చెడకుండా, నీళ్ళు కాస్త తీశాక! ఆ పంట్లాం మడతతోనే తాయెకోకి అతని మీద మనసు విరిగిపోయింది. ఇతకురాని చేసుకుంటానంది. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. అతను ఒకప్పుడు ఒకుబాతకెల కొట్లో పనికుర్రాడు. అమెరికా వెళ్ళి ఫొటోగ్రఫీ నేర్చుకొచ్చి సొంతంగా నిలబడ్డాడు. అయితే మాత్రం?

ఇక్కడ నేనొక పోలిక చెబుతాను. చివరికి యుకికోకి కుదిరిన పెళ్ళికొడుకు మిమాకి కూడా అమెరికా వెళ్ళొచ్చినవాడే. పారిస్‌లో కొన్నాళ్ళు తిరిగాడు, అమెరికాలో విమానాల చదువు చదివి, తిరిగొచ్చి ఇళ్ళ ప్లానులు గీశాడు. యుద్ధంతో ఆ పనీ లేకపోయింది. వయసు నలభై పైబడింది, తాగుతాడు, స్థిరమైన ఉద్యోగం లేదు. అయినా అందరూ సంబరపడిపోయారు. ఎందుకని? జమీందారీ బిరుదున్న కుటుంబంవాడు. ఆ ఇంటి పెద్దాయనకి ఇల్లాలు కాని స్త్రీకి పుట్టిన కొడుకైనా సరే. ఇద్దరూ అమెరికా నీళ్ళు తాగినవాళ్ళే. ఒకడికి అది కళంకమైంది, ఇంకొకడికి అలంకారమైంది. కాబట్టి మకియోకాలని భయపెట్టింది పడమర కాదు, హోదా తక్కువ. సంప్రదాయం అన్న మాట వెనకాల నిలబడి మాట్లాడుతున్నది అంతస్తు. మన ఆచారం ఒప్పుకోదు అని ఎవరైనా అన్నప్పుడు, ఒప్పుకోనిది ఆచారమా, అంతస్తా అని ఒక్క క్షణం ఆగి అడగడం ఈ నవల నేర్పుతుంది.

నలుగురిలోనూ అసలు కథానాయిక నా దృష్టిలో సచికో. టోక్యో అక్కకి నచ్చేలా ఉత్తరం రాయాలి, చెల్లెలి మనసు నొప్పించకూడదు, భర్తని ఇబ్బంది పెట్టకూడదు, పిల్లకి జబ్బు చెయ్యకూడదు. సమతూకం అని పెద్దమాటగా చెప్పుకునేదంతా ఈవిడ ఒంటి మీద జరుగుతుంది. తనకి గర్భస్రావమై ఇంకా తేరుకోకముందే, మగపెళ్ళివారికి మాట ఇచ్చామని, నొప్పి ఓర్చుకుని చెల్లెలి పెళ్ళిచూపులకి వెళ్ళి కూర్చుంటుంది. పరువు నిలబడింది. ఖరీదు ఎవరు కట్టారో ఎవరూ అడగలేదు.

ఇతకురాకి చెవి ఆపరేషను వికటించి, విషం కాలికి పాకి, కాలు తీసేసినా బతకలేదు. అతను చావుబతుకుల్లో ఉండగా సచికో మనసులో ఒక ఆలోచన మెదిలి మాయమవుతుంది. ఈ చిక్కు ఇలా విడిపోతే బావుండునేమో అని! వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. సచికో దుర్మార్గురాలు కాదు, నవలలోకెల్లా మంచి మనిషి. అంత మంచి మనిషి చేత అంత పాపపు తలంపు తలపించేది ఏది? కుటుంబ గౌరవం అనే బరువు. ఒక్క వాక్యంలో పోయే ఈ తలంపుని దాచకుండా రాసినందుకే తానిజాకి గొప్ప రచయిత అంటాను.

అలాగని మెచ్చుకోలేనివీ ఉన్నాయి. తాయెకో మీద రచయిత చెయ్యి చాలా బరువుగా పడింది. ప్రేమించినవాడు పోయాడు. చావుకి దగ్గరగా తీసుకెళ్ళిన జిగట విరేచనాల జబ్బు. తర్వాత మియోషి అనే, బారులో మద్యం కలిపే అబ్బాయివల్ల గర్భం. పుట్టిన ఆడబిడ్డ పురిట్లోనే పోయింది. ఒక్క మనిషికి ఇన్నా? జీవితం ఇలాగే ఉంటుందంటారేమో. ఇంత వరసగా, ఇంత ఒక్కరికే ఉంటే అది జీవితం కాదు, రచయిత సౌకర్యం. పనిపిల్ల ఒహారుని చూసి మనల్ని నవ్విస్తాడు గాని, ఆ పిల్ల మనసులోకి ఎప్పుడూ తీసుకెళ్ళడు. ఇంటి పరువు కాపాడే అబద్ధాలన్నీ మోసింది ఆ పిల్లే కదా. చైనాలో జరుగుతున్న యుద్ధం కూడా వస్తువుల కొరతలాగా, తగ్గించుకున్న విందులాగా తప్ప కనిపించదు. ఆషియా వంటింట్లోంచి అంతకన్న కనిపించదు అంటే అది నిజమే. నిజమే అయినా వెలితి వెలితే.

1983లో కోన్ ఇచికావా ఈ నవలని సినిమాగా తీశాడు. అంతకుముందు 1950లో, 1959లో కూడా సినిమాలుగా వచ్చింది. ఇచికావా సినిమాలో క్యోటో చెర్రీ పూలూ, పట్టు కిమోనోలూ కళ్ళకి విందు. సయూరి యోషినాగా యుకికోగా ఓరగా చూసే చూపు, అణకువ వెనకాల ఉన్న గడుసుదనాన్ని చక్కగా పట్టిస్తుంది. కాని పూల మధ్య నిలబెట్టేసరికి సంప్రదాయం మరీ అందమైపోయింది. నవల్లో కూడా ఏటా వసంతంలో అక్కచెల్లెళ్ళు క్యోటో వెళ్ళి హెయియాన్ గుడిలో పూలు చూస్తారు. అయితే సచికో ఆ పూలని చూస్తూ, వచ్చే ఏడాది యుకికో మనతో ఉంటుందో ఉండదో, ఉండకూడదనీ ఉంది, ఉండాలనీ ఉంది అని మథనపడుతుంది. ఆ గుబులు లేకుండా పూలు మాత్రం చూపిస్తే అది క్యాలెండరు బొమ్మ అవుతుంది.

చివరికి 1941 ఏప్రిల్లో యుకికో పెళ్ళికూతురై టోక్యో రైలెక్కుతుంది. ఇంటినిండా పెళ్ళి సరంజామా పరిచి ఉంది. తాయెకో తన సామాన్లు తీసుకెళ్ళడానికి గుట్టుచప్పుడు కాకుండా వచ్చి, వాటిని ఒకసారి చూసి, మియోషితో కాపరం పెట్టిన చోటికి వెళ్ళిపోయింది. అయిదు వందల పేజీలుగా మనం ఎదురుచూసిన పెళ్ళి కదా, మేళాలుంటాయనుకుంటాం. లేవు. పెళ్ళికూతురికి కడుపు పాడైంది. మందులు వేసినా విరేచనాలు కట్టలేదు. రైల్లో కూడా అదే బాధ. అక్కడితో నవల అయిపోతుంది!

చాలామందికి ఈ ముగింపు మింగుడుపడలేదు. నాకైతే ఇంతకన్న మర్యాదగల ముగింపు ఉండదనిపిస్తుంది. అయిదేళ్ళు నోటితో కాదనలేక తలతో కాదన్న పిల్ల, తల కూడా ఊపలేని రోజు వచ్చేసరికి, ఒంటితో కాదంది. చెల్లెలు ఇష్టపడ్డవాడితో వెళ్ళింది, దాని వెంట ఎవరూ లేరు. అక్క పదిమంది మెచ్చినవాడితో వెళుతోంది, దాని వెంట అందరూ ఉన్నారు. ఎవరు సుఖపడతారో తానిజాకి చెప్పడు. చెప్పడానికి అతనికి ఎలా తెలుస్తుంది? మనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

తెలిసింది ఒకటే. ఆ ఇంట్లో తూర్పుకీ పడమరకీ పేచీ వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు సంబంధాల జాబితా చూశారు, వంశాల పట్టిక చూశారు, ఊరేమంటుందో చూశారు. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగిన సందర్భం నాకైతే ఎక్కువగా కనిపించలేదు. ఒక్కసారి మనస్ఫూర్తిగా అడిగి ఉంటే, ఏ గాలి ఏ గదిదాకా రావాలో ఆ పిల్లలే చెప్పి ఉండేవారు.